పీరయ్య బావి పెద్దకోడలు

అశోక్‌నగర్‌లో అనసూయమ్మ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ తలెత్తరు. "ఆడపిల్లలకు మిద్దె మీద గదులు కిరాయికిచ్చిన పెద్దమ్మ, అన్నం పెట్టుకుంటనే తిడతది చూడు, ఆమె" అంటే మాత్రం లైబ్రరీ ముందు పాత పుస్తకాలమ్మేవాడు సైతం వేలు పెట్టి చూపిస్తాడు. అసూయ లేనిదని ఆమెకు ఆ పేరు పెట్టిన అయ్యగారు బొత్తిగా ముందుచూపు లేని మనిషి. ఎదురింట్లో పాలు పొంగితే ఈమె కడుపు మండేది. పక్కింటావిడ కొత్త చీర కట్టిన రోజున మిద్దె మీది పిల్లల కూరలో కారం ఎక్కువయ్యేది.

అయితే ఇవన్నీ చిల్లర మంటలు. అసలు మంట ఊళ్లో ఉంది. దాని పేరు కురుమమ్మ. స్వయానా తోడికోడలు.

అనసూయమ్మ చదువు మూడో తరగతి. అది పూర్తయ్యేలోపు పంతులు బదిలీ మీద పోయాడు కనక రెండున్నర అనుకోవాలి. ఆ రెండున్నరతోనే పద్నాలుగేళ్లకు భువనగిరి అవతల బోడగుట్టపల్లెకు కోడలిగా పోయి, ఆ ఇంటికి కలెక్టరైంది. ఉత్తరం వస్తే ఆమే చదవాలి. కాగితం మీద వేలిముద్ర ఎక్కడ వేయాలో మామ పీరయ్యకు ఆమే చూపించాలి. అక్షరం ముక్క వచ్చిన కోడలు ఆ వాడలో ఇంకొకతె లేదు. ఆ సంగతి తను మరిచిపోలేదు, ఎవరినీ మరిచిపోనివ్వలేదు.

పెళ్లైన ఆరేళ్లకు కరువొచ్చి ఊళ్లో బావులన్నీ అడుగంటాయి. పీరయ్య మందలోంచి నలభై గొర్రెలమ్మి ఇంటి పక్క జాగాలో బావి తవ్వించాడు. అనసూయమ్మ నడుముకు కొంగు బిగించి గంపలతో మట్టి మోసింది. అడుగున రాయి పగిలి తియ్యటి ఊట పడిన రోజు, మొదటి బొక్కెన ఆమె చేతే చేదించాడు మామ. తర్వాత ఊళ్లో ఎన్ని బోర్లు పడ్డా, పంచాయతీ వాళ్లు ట్యాంకు కట్టినా, పీరయ్య బావి నీళ్లలో కందిపప్పు ఇట్టే ఉడుకుతుందని ఊరు ఆ బావిని వదల్లేదు.

ఆ తర్వాత మొగుడు ఎల్లేశానికి చిక్కడపల్లిలో ఒక ప్రెస్సులో మిషను నడిపే పని దొరికి కాపురం ఇటు మారింది. ఆరేళ్ల పిల్లగాడప్పటి నుంచి ఆమె చేతిముద్ద తిని పెరిగిన మరిది ముత్యాలు ఊళ్లోనే ఉండిపోయాడు. అతనికి సంబంధం చూసింది కూడా అనసూయమ్మే. ఏరికోరి చదువు లేని పిల్లను చూసింది. "చదువుకున్నది వస్తే పెత్తనం చేస్తది" అని ఎల్లేశంతో అన్నది కూడా.

ఆ చదువు లేని పిల్ల ఏం చేసింది? కన్నపిల్లలు బడికి పోతుంటే వాళ్ల పలకలు తిరగేసింది. వయోజనుల బడికి పోయింది. ముప్పై దాటాక ఏడో తరగతి పరీక్ష రాసి పాసైంది. ఆఖరికి ఆశ కార్యకర్త అయి కూర్చుంది. మెడలో ఫోటో కార్డు, భుజాన సంచి. ఎవరి కడుపు పండినా కురుమమ్మకే ముందు తెలియాలి. ఎవరి పసిదానికి సూది వేయించాలన్నా కురుమమ్మే రావాలి. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు పెద్దలు. ఒకసారి అనసూయమ్మ ఊరికి పోయి బస్సు దిగితే, కొత్తగా కాపురానికొచ్చిన పిల్లెవరో "ఎవరింటికమ్మా? ఆశక్క ఇంటికా?" అని అడిగింది. పీరయ్య పెద్దకోడలు కాదట. ఆశక్క ఇంటికొచ్చిన చుట్టమట. ఆ ఏడు బోనాలకు ఆమె ఊరి మొహం చూడలేదు.

అట్లాంటి రోజుల్లో, రెండువేల పన్నెండు వానాకాలంలో, శ్రావణం నడుస్తుండగా ముత్యాలు ఫోను చేశాడు.

"వదినె, ఊర్ల మంచిగ లేదు. వాంతులు, మోషన్లు. కింది వాడల ముసలవ్వ పోయింది. బస్టాండు కాడ పసిపిల్ల పోయింది. మా ఇంటిది బావి నీళ్లు తాగొద్దంటుంది."

"ఏ బావి?"

"ఏ బావేంది వదినె, మనదే. అయ్య బావి."

అనసూయమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎవరు కనిపెట్టిండ్రు? నీ పెండ్లామా? ఎప్పుడైంది డాక్టరు?"

"వానకు బావిలకు మురికి దిగిందంటది. కాగబెట్టుకొని తాగుండ్రి, లేకుంటె ట్యాంకు నీళ్లు తాగుండ్రి అని ఇల్లిల్లు తిరుగుతుంది."

"నలభై ఏండ్ల సంది తాగుతున్నం. నీ పేగులు తడిసిందే ఆ నీళ్లతోని. ఇయ్యాల సంచి తగిలిచ్చుకున్నది చెప్పంగనె మా మామ బావి విషమైతదా? నువ్వు మంచిగ తాగు. నలుగురు చూస్తుండంగ తాగు."

"సరే వదినె" అన్నాడు ముత్యాలు. వదిన చెప్పిందంటే అతనికి అమ్మ చెప్పినట్టే.

మూడో రోజు సాయంత్రానికి కురుమమ్మ అశోక్‌నగర్‌లో తేలింది. చేతిలో థర్మకోల్ డబ్బా. అందులో ఐసుగడ్డల మధ్య, మూత చుట్టూ కాగితం చుట్టి దారంతో కట్టిన గాజుసీసా.

"బావి నీళ్లక్కా" అంది గడపలోనే నిలబడి. "డాక్టరమ్మ చిట్టీ రాసిచ్చింది. నారాయణగూడల పరీక్ష చేసే సర్కారు ఆఫీసున్నది గద, కుక్క కరిస్తే సూదులేస్తరు చూడు, అక్కడ ఇయ్యాలె. మధ్యాహ్నానికే రావల్సింది. ఘటుకేసరు కాడ బస్సు ఖరాబై గంటలు గంటలు ఆగింది. వచ్చేసరికి కౌంటరు బంద్ చేసిండ్రు. పొద్దున్నే పోత. జర ఈ సీసా నీ ఫ్రిజ్జుల పెట్టక్కా."

"మామ బావిని నా ఫ్రిజ్జుల పెట్టుమంటున్నవ్. పెట్టు, పెట్టు. రేపు నన్ను గూడ పెడుదువు."

కురుమమ్మ నవ్వేసింది. ఆమెతో వచ్చిన చిక్కే అది. ఎంత పొడిచినా నవ్వుతుంది. పొడిచినవాళ్లకే చెయ్యి నొస్తుంది.

"పంచాయతీ సెక్రటరీ కాగితం చూపిస్తె గానీ బావి మూయనంటుండక్కా. పీరయ్య బావి మీద చెయ్యేస్తె ఊరు నన్ను బతకనిస్తదా అంటుండు. ఆ కాగితం వచ్చేదాక జనం తాగుతనే ఉన్నరు. నేను చెప్తె సగం మంది ఇంటరు, సగం మంది ఎగతాళి చేస్తరు. మొన్నటి సంది మరీ ఎక్కువైంది, ఎందుకో."

ఎందుకో అనసూయమ్మకు తెలుసు. చెప్పలేదు.

చీకటి పడే వేళకు మిద్దె మీది పిల్లలు అన్నానికి కిందికి దిగారు. సంధ్య, రచన. ఇద్దరిదీ తలో ఊరు. గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నారు. కురుమమ్మ మెడలో కార్డు చూసి సంధ్య కళ్లు ఇంతింత చేసుకుంది.

"అక్కా, మీరు ఆశ వర్కరా? పసిపిల్లలకు ఏ టీకా ఎన్నో వారం వేస్తరో జర చెప్తరా? అన్ని పుస్తకాలల్ల తలోతీరు ఉన్నది. చంపుకతింటుంది."

కురుమమ్మ చెప్పింది. పుట్టిన రోజున ఏది, ఆరో వారం ఏది, తొమ్మిదో నెల ఏది, తడుముకోకుండా చెప్పింది. మోషన్లు పట్టుకున్న మనిషికి నీళ్లు ఆపితే ఎట్లా చచ్చిపోతారో, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు గుక్కెడు గుక్కెడు పోస్తే ఎట్లా నిలబడతారో చెప్పింది. రచన పైకి పరిగెత్తి నోటుబుక్కు తెచ్చుకుంది. ఇద్దరూ పళ్లేల్లో చేతులు ఎండబెట్టుకుని రాసుకున్నారు. చివరికి సంధ్య, "పెద్దమ్మా, ఇట్లాంటి చుట్టాన్ని ఇన్ని రోజులు ఎక్కడ దాసిపెట్టిండ్రు?" అంది.

రెండేళ్లుగా ఆ పిల్లలకు అన్నం పెడుతోంది అనసూయమ్మ. జ్వరమొస్తే కషాయం కాచిపోసింది. ఒక్కనాడు ఒక్క మాట ఆమె నోటినుంచి ఎవరూ రాసుకోలేదు.

"తిన్నంక ఎవరి పళ్లెం వాళ్లే కడుక్కోవాలె. నోటుబుక్కు కడగది" అంది.

తెల్లవారుజామున నల్లా వచ్చింది. రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు. ఎల్లేశం ఇంకా లేవలేదు. కురుమమ్మ స్నానాల గదిలో ఉంది. అనసూయమ్మ బిందెలు నింపుకుంటూ, పాలకోసం ఫ్రిజ్జు తలుపు తీసింది. ఎదురుగా సీసా.

ఈ సీసా పోతుంది, కాగితమొస్తుంది. పీరయ్య బావి చెడ్డదని ఊరంతా చదువుతుంది. చదివి ఏమంటుంది? కురుమమ్మ చెప్పిందే నిజమైంది అంటుంది. బావి తవ్విన మామ పోతాడు, మట్టి మోసిన పెద్దకోడలు పోతుంది, ఊళ్లో ఇక కురుమమ్మ ఒక్కతే మిగులుతుంది.

మామ బావికి ఏమీ కాలేదు, ఇదంతా దాని పెత్తనం కోసం ఆడే ఆట, అనుకుంది అనసూయమ్మ. అంత నమ్మకమే ఉంటే సీసాను దాని దోవన పోనియ్యాలి. అక్కడిదాకా ఆమె ఆలోచన పోలేదు, పోనివ్వలేదు. దారం విప్పింది. కాగితం తీసింది. బావి నీళ్లు మోరీలో పారబోసింది. సీసాను రెండుసార్లు తొలిచి, అప్పుడే వస్తున్న నల్లా నీళ్లు నింపింది. కాగితం మళ్లీ చుట్టి, దారం నాలుగు మెలికలు వేసి కట్టింది. స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగేసరికి సీసా దాని చోట అది ఉంది. గుండె మాత్రం ఎక్కడో ఉంది.

"నేను గూడ వస్త పా" అంది టిఫిను పెట్టేటప్పుడు. "నీకు దోవ తెలువదు."

దోవ కురుమమ్మకు తెలుసు. ఈమెకే ఆ తమాషా చూడాలని ఉంది.

నారాయణగూడ ఆఫీసులో కుక్క కరిచినవాళ్ల వరస ఒక పక్క, నీళ్ల సీసాల వరస ఒక పక్క. కళ్లద్దాల మేడం చిట్టీ చదివి, సీసా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది. చిన్న గాజుగొట్టంలో కొన్ని నీళ్లు పోసి అందులో ఏదో మందు చుక్కలు వేసింది. నీళ్లు పసుపుపచ్చగా తిరిగాయి.

"బ్లీచింగ్ కలిపి తెచ్చినవా అమ్మా?"

"లేదు మేడం! బావిల నాలుగు రోజుల సంది ఏమీ వెయ్యలే. పరీక్ష అయినంకనె వెయ్యాలని డాక్టరమ్మ చెప్పింది. నా చేతులతోనె చేదిన."

"మరి ఈ రంగెట్ల వచ్చింది? మీలాంటోళ్లను చాలామందిని చూసిన. పరీక్షంటే చాలు, ముందురోజు రాత్రి సంచెడు పౌడర్ గుమ్మరిస్తరు. పరీక్షల నీళ్లు మంచిగ రావాలె, ఊరు ఏమైతే మాకేంది అని. ఇది పనికిరాదు. కలిపి తెచ్చిందని రాసి మీ డాక్టరుకు పంపుత."

"మేడం, నా పిల్లల మీద ఒట్టు..."

"పక్కకు జరుగమ్మా. వెనక జనమున్నరు."

వరసలో ఉన్న నలుగురూ కురుమమ్మను ఎగాదిగా చూశారు. ఆమె మెడలోని కార్డును చేత్తో మూసుకుంది. మూసుకుని, తల దించుకుని బయటికి నడిచింది.

ఇదే కదా అనసూయమ్మ చూడాలనుకున్నది. చూసింది. కళ్లకు కొంచెం చల్లగానే అనిపించింది కూడా, అబద్ధమెందుకు. ఆ చల్లదనం బస్టాపు దాకా నిలిచింది.

బస్టాపులో కురుమమ్మ ఫోను తీసి మొగుణ్ని అందుకుంది. ఆమె గొంతు అంత పైకి లేవగలదని అనసూయమ్మకు అప్పటిదాకా తెలియదు.

"ఏమయ్యా, నాకు తెలువకుంట బావిల బ్లీచింగ్ పోసినవా? నిజం చెప్పు! మీ అయ్య పేరు పోతదని పోసినవా? నువ్వు గాకుంటె ఎవరు పోస్తరు? నా ఇజ్జత్ తీసినవ్. నా నౌకరి పోతది ఇయ్యాల!"

అది పాత ఫోను. అవతలి మాట బస్టాపంతా వినిపిస్తుంది. ముత్యాలు గొంతు బొంగురుగా, ఎక్కడో బావి అడుగునుంచి వచ్చినట్టు వచ్చింది.

"నేనెందుకు పోస్తనే... లేవనీకే చాతనైతలేదు. పొద్దటి సంది ఏడుసార్లు పోయిన. కాళ్లు గుంజుతున్నయ్. ఇంకో నలుగురికి పట్టుకున్నదట."

"నీళ్లు... నువ్వు ఏ నీళ్లు తాగుతున్నవ్? కాగబెట్టిన నీళ్లు బిందెల పోసి పెట్టొచ్చిన గద!"

"బావి నీళ్లే తాగిన. వదినె ఫోన్ల చెప్పింది. అయ్య బావికి ఏమైతది, నలుగురు చూస్తుండంగ తాగు అన్నది. తాగిన. నన్ను చూసి వాడకట్టోళ్లు గూడ తాగిండ్రు."

కురుమమ్మ ఫోను చెవి దగ్గర నుంచి దించలేదు. కళ్లు మాత్రం పక్కకు తిప్పి అనసూయమ్మను చూసింది. ఆ చూపులో తిట్టు లేదు. లెక్క ఒకటి తేలని మనిషి చూపు అది.

ఆరేళ్ల ముత్యాలు అనసూయమ్మ కళ్ల ముందుకొచ్చాడు. ముక్కు చీదుకుంటూ కొంగు పట్టుకుని తిరిగిన పిల్లగాడు. తాగు అంటే తాగేవాడు, పండు అంటే పండేవాడు. ఇప్పుడు యాభై దాటినా అదే పిల్లగాడు.

గిరుక్కున వెనక్కి తిరిగింది. "అక్కా, ఎటు?" అని కురుమమ్మ వెంటపడింది. ఆమె ఆగలేదు. వరసను తోసుకుని నేరుగా కౌంటరు ముందు నిలబడింది.

"లైనుల రా పెద్దమ్మా!" అని ఎవరో అరిచారు.

"నోర్ముయ్! కుక్క నిన్ను కరిచిందో నువ్వు కుక్కను కరిచినవో, జర ఆగు. మేడం, ఆ పిల్ల కలుపలే. నేను కలిపిన. కలిపిన గాదు, బావి నీళ్లు పారబోసి మా ఇంటి నల్లా నీళ్లు పోసిన. పొద్దున్నే, ఆమె స్నానం చేస్తున్నప్పుడు."

మేడం కళ్లద్దాలు తీసింది. "నల్లా నీళ్లల్ల బ్లీచింగ్ ఉండనే ఉంటది. ఎందుకు పోసినవమ్మా?"

అబద్ధాలు నాలుకచివర బారుగా నిలబడే ఉన్నాయి. సీసా పగిలిందనవచ్చు. వలికిందనవచ్చు. తెలియక చేశాననవచ్చు. తెలియదు అనే మాట మాత్రం జన్మలో ఆమె నోట రాలేదు, ఇప్పుడూ రాదు.

"ఓర్వలేక" అంది.

మేడం కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది.

"మీ ఇద్దరి పంచాయితీల ఊరు చావాల్నా?" అంది మేడం. తిట్టింది, బాగా తిట్టింది. అనసూయమ్మను పెళ్లైనప్పటి నుంచి అట్లా తిట్టినవాళ్లు లేరు. ఎదురు మాట లేకుండా నిలబడి, తిట్లన్నీ అయ్యాక చెయ్యి చాపింది. "ఇంకో సీసా ఇయ్యుండ్రి."

మేడం కొత్త సీసా ఇచ్చి, రాయబోయిన కాగితం చింపి, బావి దగ్గర నీళ్లెట్లా పట్టాలో మళ్లీ చెప్పింది. కురుమమ్మ వెనకే నిలబడి అంతా విన్నది. ఏడవలేదు, అరవలేదు. ఫోను అనసూయమ్మ చేతిలో పెట్టింది. "నువ్వు చెప్పు. నేను చెప్తె ఇనరు" అంది. అంతే.

ఆ మాట చెంపమీద కొట్టినట్టు తగిలింది. అయినా ఫోను పట్టుకుంది.

"ముత్యాలూ, లేచినవా? లేవకు. మా యారాలు, నీ పెండ్లాం, కాచిపెట్టిన నీళ్లల్ల ఓఆర్ఎస్ పొట్లం కలుపుమని పక్కింటోళ్లకు చెప్పు. గుక్కెడు గుక్కెడు తాగు. దవాఖాన బండికి ఫోను చెయ్యుమను. ఇంకోటి ఇను. బావి చేంతాడు కోసెయ్యుమను. గిరక పీకెయ్యుమను."

"వదినె... అయ్య బావి..."

"అయ్య పోయి ఇరవై ఏండ్లాయె. పెద్దకోడల్ని నేను బతికున్న. నేను చెప్తున్న, కోసెయ్యుమను!"

మధ్యాహ్నానికి ఇద్దరూ బోడగుట్టపల్లె చేరారు. బస్సులో రెండు గంటలు చెరో సీట్లో కూర్చున్నారు. ముత్యాలును అప్పటికే పెద్దూరి దవాఖానకు తీసుకుపోయి చేతికి సెలైను పెట్టారని బస్టాండులోనే తెలిసింది. గండం గడిచిందట. అనసూయమ్మ అక్కడే బండ మీద కూలబడి ముక్కు చీదింది. లేచి, దుమ్ము దులుపుకుని బావి దగ్గరికి నడిచింది.

చేంతాడు తెగి ఉంది. గట్టు చుట్టూ ముళ్లకంప పడి ఉంది. కురుమమ్మ వంగి, బావి లోపలి రాతిగోడను చూపించింది. వానకు ఒక పక్క రాళ్లు జారి, ఆ సందులోంచి నల్లటి తడి లోపలికి జారుతోంది. ఆ పక్కనే, పది అడుగులు కూడా లేని దూరంలో, పాయిఖానా గుంట.

ఆ గుంట అక్కడ తవ్వించింది అనసూయమ్మే. పోయిన ఏడు. సిటీ నుంచి వచ్చేదాన్ని, చెంబు పట్టుకుని గుట్టల వెంట పోతానా అని ముత్యాలుతో పట్టుబట్టి కట్టించింది. బావికి యాభై అడుగులన్నా ఎడముండాలె, పెరట్లో వెనక కడదామని కురుమమ్మ అంటే, "నీళ్లు మోసేది నువ్వా? దగ్గరుంటె చేదుకొని పోసుకుంటరు. సంచి మోసినంత సులువు గాదు" అని నోరు మూయించింది.

కురుమమ్మ ఆ సంగతి ఎత్తుతుందని ఎదురుచూసింది. అంటే జవాబు చెప్పవచ్చు, గొడవ పడవచ్చు, గొడవలో సగం తప్పు అటు నెట్టవచ్చు. కురుమమ్మ ఎత్తనే లేదు. కొత్త తాడు, కాల్చి శుభ్రం చేసిన బొక్కెన తెచ్చి గట్టు మీద పెట్టింది. ఆ మౌనానికి అనసూయమ్మకు ఒళ్లంతా కారం పూసినట్టైంది. తిట్టవచ్చు కదా! తిట్టకుండా గెలవడం ఎక్కడ నేర్చింది ఇది?

"ఇటు తే" అంది తాడు లాక్కుని. "బావి నాది. నేను చేదుత. నీళ్లు ఎట్ల పట్టాల్నో చెప్పు, చాలు."

"మూతకు వేలు తగులొద్దక్కా."

"తగుల్తలేదు."

"నిండ పోయకు. పైన జర జాగ ఉంచు."

"కండ్లున్నయ్ నాకు."

"ఇంకెక్కడన్న నల్లా ఉన్నదా అని చూస్తున్నవా?"

అనసూయమ్మ చప్పున తలెత్తింది. కురుమమ్మ మొహంలో నవ్వు లేదు, కానీ పొద్దున్నుంచి బిగిసిన దవడ కొంచెం సడలింది. ఆ ఒక్క పోటుకు కురుమమ్మకు హక్కుందని ఇద్దరికీ తెలుసు. అనసూయమ్మ దాన్ని గుటకేసింది.

బస్సులో మళ్లీ రెండు గంటలు. థర్మకోల్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఎవరి మోచెయ్యీ తగలనివ్వకుండా కూర్చుంది. కౌంటరు మూసే వేళకు చేరారు. మేడం నీళ్లు చూసి, మందు చుక్క వేసింది. రంగు మారలేదు. రిజిస్టరు తెరిచింది.

"శాంపిల్ పట్టింది ఎవరు? పేరు?"

అనసూయమ్మ నోరు తెరిచే లోపు కురుమమ్మ చెప్పేసింది. "మా అక్క చేదింది మేడం. ఆమె పేరే రాయుండ్రి. అనసూయమ్మ. పీరయ్య పెద్దకోడలు."

దీన్ని ఏమనాలి? పోనీలే అని ఇచ్చిందా, పోటుకు పోటుగా ఇచ్చిందా? ఇంటికి నడిచినంత సేపూ అనసూయమ్మకు అదే తిరుగుడు. ఇచ్చినదాని చెయ్యే పైన ఉంటుంది, ఎట్లా చూసినా. ఇంటికొచ్చి ఎల్లేశానికి అంతా చెబితే, ఆయన మజ్జిగ తాగుతూ, "నువ్వయితే దాని పేరు చెప్పేదానివా?" అని ఒక్క మాట అడిగాడు. ఆ రాత్రి ఆయనకు రెండో గ్లాసు మజ్జిగ దొరకలేదు.

నాలుగో రోజుకు కాగితం ఊరు చేరింది. బావిలో మలం పురుగు ఉందని, తాగడానికి పనికిరాదని తేల్చారు. పంచాయతీ సెక్రటరీ మారుమాట లేకుండా బావిమీద ఇనుపజాలీ వేయించాడు. కురుమమ్మ ముందునిలబడి పాయిఖానా గుంట పూడ్పించింది, పెరట్లో వెనక కొత్తది తవ్వించింది. ఆ కాగితాన్ని అందరూ చదవాలని పంచాయతీ గోడకు అంటించారు.

ఈ వార్తలన్నీ దవాఖాన నుంచి ఇల్లు చేరిన ముత్యాలు ఫోనులో చెప్పాడు. మనిషి సగమైనా గొంతు తిరిగి వచ్చింది.

"ఊరంత మా ఇంటిదాన్ని మెచ్చుకుంటుండ్రు వదినె. అది లేకుంటె ఇంకెంతమంది పోయేటోళ్లో అంటుండ్రు."

"అంటరు, అంటరు. అననీ." గరిటె గిన్నెకు గట్టిగా తగిలింది. "కాగబెట్టిన నీళ్లే తాగుతున్నవా?"

"ఆఁ. అవే."

"నేను చెప్పిన గూడ బావి నీళ్లు తాగకు. ఇంటున్నవా? నేను చెప్పిన గూడ."

"సరే వదినె."

మిద్దె మీద సంధ్య టీకాల వారాలు వల్లె వేస్తున్న చప్పుడు కిందికి వినిపిస్తోంది.

"ముత్యాలూ."

"చెప్పు వదినె."

"ఆ గోడకు అంటిచ్చిన కాగితం మీద పట్టిందెవరో పేరు రాసిండ్రా?"

"రాసిండ్రు. నీ పేరే. అందరు చదువుతుండ్రు. మన బావి చెడ్డదని ఆ పెద్దకోడలే నీళ్లు చేది ఇచ్చొచ్చిందట అని చెప్పుకుంటుండ్రు."

అనసూయమ్మ పొయ్యి తగ్గించింది. సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియక కాసేపు గరిటె వంక చూసింది.

"పేరు పెద్దగ రాసిండ్రా, సన్నగ రాసిండ్రా?"

"సన్నగనే ఉన్నది వదినె. దగ్గరికి పోతె కనబడతది."

"అయితె వానకు తడవకుంట పైన ప్లాస్టిక్ కవరు కట్టుమను" అంది అనసూయమ్మ. "మీ ఇంటిదానికే చెప్పు. దానికైతె మంచిగ కట్టొస్తది."